1937 మద్రాసు శాసనసభ ఎన్నికలు: తరచుగా అడిగే ప్రశ్నలు

1937 ఫిబ్రవరి ఎన్నికలతో మద్రాసు ప్రెసిడెన్సీలో జస్టిస్ పార్టీ దిగిపోయింది, కాంగ్రెస్ తొలిసారి అధికారానికి వచ్చింది. పోటీ పరీక్షలకు చదివేవాళ్ళు, ఊరి చరిత్ర రాసుకునేవాళ్ళు ఈ ఎన్నికల గురించి మళ్ళీ మళ్ళీ అడిగే సందేహాలను ఇక్కడ దశలవారీగా పెట్టాం. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## ఎన్నికలకు ముందు

అప్పటిదాకా ప్రభుత్వం ఎవరిది?

జస్టిస్ పార్టీది. 1920 నుంచి 1937 దాకా, మధ్యలో 1926–30 మినహా, మంత్రి పదవులు ఆ పార్టీవే. ప్రభుత్వాధినేతగా మొదట సుబ్బరాయులు రెడ్డియార్, తర్వాత పానగల్లు రాజా రామరాయణింగారు, 1930లో మునుస్వామినాయుడు, 1932 నవంబరు నుంచి బొబ్బిలి రాజా రామకృష్ణ రంగారావు. 1936లో కొన్ని నెలలు బొబ్బిలి రాజా బదులు పి.టి. రాజన్ ఆ పదవిలో ఉన్నారు. మధ్యలోని నాలుగేళ్ళు డాక్టర్ పి. సుబ్బరాయన్ నడిపిన స్వతంత్రుల మంత్రివర్గానివి. ఈ సుబ్బరాయనే 1937లో కాంగ్రెస్ మంత్రి అయ్యారు. రెండు కాలాల్లోనూ ఆయన పేరు కనిపించేసరికి చాలామంది పొరబడతారు.

అంతకుముందు మంత్రులకూ 1937 తర్వాతి మంత్రులకూ తేడా ఏమిటి?

1919 చట్టం కింద ద్వంద్వ ప్రభుత్వం నడిచేది. విద్య, వైద్యం, స్థానిక సంస్థలు, వ్యవసాయం, ఎక్సైజు వంటి బదిలీ శాఖలు మంత్రుల చేతిలో ఉండేవి. ఆర్థికం, పోలీసు, భూమిశిస్తు వంటి రిజర్వు శాఖలు గవర్నరు కార్యనిర్వాహక మండలి చేతిలో ఉండేవి. 1935 భారత ప్రభుత్వ చట్టం రాష్ట్రాల్లో ఈ విభజనను ఎత్తేసింది. అన్ని శాఖలూ శాసనసభకు జవాబుదారీ అయిన మంత్రుల కిందికి వచ్చాయి. అయితే మంత్రుల సలహాను పక్కనపెట్టే ప్రత్యేక బాధ్యతలు మాత్రం గవర్నరు దగ్గరే ఉండిపోయాయి.

జస్టిస్ పార్టీ అంత బలహీనపడటానికి కారణం ఏమిటి?

ఒక్క కారణం చెప్పమంటే ఆర్థిక మాంద్యమే. 1930 నుంచి ధాన్యం, వేరుశెనగ ధరలు పడిపోయాయి, శిస్తు మాత్రం పాత లెక్కలోనే ఉంది. తెలుగు జిల్లాల రైతులు శిస్తు తగ్గించమని ఊరూరా సభలు పెట్టారు. భూమిశిస్తు రిజర్వు శాఖ కాబట్టి మంత్రుల చేతిలో లేదన్నది నిజమే. కానీ రైతు ఆ తేడా ఎందుకు చూస్తాడు? ప్రభుత్వంలో కనిపించే మనిషి బొబ్బిలి రాజా, ఆయన స్వయంగా జమీందారు. ఆ మాంద్యం రోజుల్లోనే మంత్రుల జీతం నెలకు 4,333 రూపాయలకు పైనే ఉండేది. కాంగ్రెస్ ప్రచారకులు ఈ అంకెను ప్రతి సభలో చదివి వినిపించారు.

పార్టీ లోపలి చీలికలు కూడా నష్టం చేశాయి. మునుస్వామినాయుడిని దించి బొబ్బిలి రాజా వచ్చినప్పటి నుంచి జమీందారులకూ మిగతావాళ్ళకూ పొసగలేదు. పిఠాపురం రాజా విడిగా పీపుల్స్ పార్టీ పెట్టారు. మొదటి రోజుల్లో బ్రాహ్మణేతరులకు ఉద్యోగాల్లో, చదువుల్లో వాటా కోసం పోరాడిన పార్టీ 1930ల నడిమికి జమీందారుల పార్టీగా కనిపించసాగింది. ఆ పార్టీ చేసిన మేలు చిన్నదేమీ కాదు: ఉద్యోగాల్లో కులాల, మతాల వారీగా వాటాలు పెట్టిన కమ్యూనల్ జీవోలు, 1921లో స్త్రీలకు ఓటుహక్కు, దేవాదాయ చట్టం. ఓటమి కథ చెప్పేటప్పుడు వీటిని వదిలేస్తే బొమ్మ సగమే అవుతుంది.

ఓడిపోతారని ముందే సూచన ఏమైనా కనిపించిందా?

కనిపించింది. 1934లో కేంద్ర శాసనసభ ఎన్నికల్లో మద్రాసు స్థానాలను కాంగ్రెస్ ఊడ్చేసింది. ఆ సభకు అధ్యక్షుడిగా ఉన్న ఆర్.కె. షణ్ముఖం చెట్టి అంతటివారు ఓడిపోయారు.

1935 చట్టాన్ని తిట్టిన కాంగ్రెసే ఆ చట్టం కింద ఎందుకు పోటీ చేసింది?

ఈ ప్రశ్న మీద కాంగ్రెస్‌లోనే పెద్ద వాదం నడిచింది. నెహ్రూ, సోషలిస్టులు పదవులు తీసుకోవడానికి వ్యతిరేకులు. మద్రాసు కాంగ్రెస్ నాయకులు రాజాజీ (చక్రవర్తి రాజగోపాలాచారి), సత్యమూర్తి తీసుకోవాలన్నారు. 1936లో కుదిరిన రాజీ ఏమిటంటే, ముందు పోటీ చేద్దాం, పదవుల సంగతి గెలిచాక తేలుద్దాం. ఎన్నికల తర్వాత నెలల తరబడి జరిగిన ప్రతిష్టంభనకు బీజం ఈ వాయిదాలోనే ఉంది.

## ఓటర్లు, స్థానాలు

అందరికీ ఓటు ఉండేదా?

లేదు. ప్రెసిడెన్సీ మొత్తం మీద సుమారు 70 లక్షల మందికి, అంటే జనాభాలో దాదాపు 15 శాతానికి ఓటు ఉంది. 21 ఏళ్ళు నిండి, కింది వాటిలో ఏదో ఒక అర్హత ఉండాలి:

- భూమి పట్టా, ఇనాం లేదా నిర్ణీత విలువ గల కౌలు హక్కు
- ఆస్తిపన్ను, వృత్తిపన్ను లేదా ఆదాయపు పన్ను కట్టి ఉండటం
- చదవడం, రాయడం రావడం
- సైన్యంలో పనిచేసి విరమించి ఉండటం

స్త్రీలకు వీటితో పాటు, నిర్ణీత ఆస్తి అర్హత గల వ్యక్తి భార్యగా గానీ, సైనికుడి వితంతువుగా లేదా తల్లిగా పింఛను పొందుతుంటే గానీ ఓటు వచ్చేది. కూలి మీద బతికే, చదువురాని, భూమిలేని మనిషికి మాత్రం ఓటు లేదు. కాంగ్రెస్ గెలుపును "ప్రజల తీర్పు" అనేటప్పుడు ఈ గీత ఎక్కడ పడిందో గుర్తుంచుకోవాలి. ఆ తీర్పు ఇచ్చింది ముఖ్యంగా పట్టాదారు రైతులు, పట్టణాల్లో పన్ను కట్టేవాళ్ళు.

శాసనసభలోని 215 స్థానాలు ఎలా పంచారు?

సాధారణ స్థానాలు 146. వాటిలో 30 షెడ్యూల్డు కులాలకు రిజర్వు. ముస్లింలకు 28, భారతీయ క్రైస్తవులకు 8, స్త్రీలకు 8, భూస్వాములకు 6, కార్మికులకు 6, వాణిజ్య పరిశ్రమలకు 6, యూరోపియన్లకు 3, ఆంగ్లో ఇండియన్లకు 2, వెనుకబడిన ప్రాంతాలు, గిరిజనులకు 1, విశ్వవిద్యాలయానికి 1.

ముస్లింలు, క్రైస్తవులు, యూరోపియన్లు, ఆంగ్లో ఇండియన్లకు ప్రత్యేక నియోజకవర్గాలు. అంటే ఆ వర్గం ఓటర్లే ఆ అభ్యర్థులను ఎన్నుకుంటారు. పరీక్షల్లో తప్పు ఎక్కువగా దొర్లేది ఇక్కడే: 30 రిజర్వు స్థానాలను 146కు అదనంగా కలిపితే మొత్తం 245 అవుతుంది. అవి 146లో భాగమే.

షెడ్యూల్డు కులాల స్థానాలకు ఎన్నిక రెండుసార్లు జరిగిందంటారు, నిజమా?

నిజమే. గాంధీ, అంబేడ్కర్‌ల మధ్య కుదిరిన 1932 పూనా ఒడంబడిక ప్రకారం మొదట ఆ కులాల ఓటర్లు మాత్రమే ప్రాథమిక ఎన్నికలో నలుగురిని ఎంపిక చేస్తారు. తర్వాత సాధారణ ఎన్నికలో నియోజకవర్గం ఓటర్లందరూ ఆ నలుగురిలో ఒకరిని గెలిపిస్తారు. పోటీకి నిలిచినవారు నలుగురు లేక అంతకు తక్కువ అయితే ప్రాథమిక ఎన్నిక అవసరం పడదు.

శాసనమండలి కూడా అప్పుడే వచ్చిందా?

వచ్చింది. 1937కు ముందు మద్రాసులో ఉన్న ఏకైక సభ పేరు కూడా శాసనమండలే. అందుకే పాత కాగితాల్లో "మండలి సభ్యుడు" అని కనిపిస్తే ఏ సంవత్సరమో ముందు చూడాలి. 1937 నుంచి కింద శాసనసభ, పైన శాసనమండలి. మండలిలో 46 మంది ఎన్నికైనవారు, మిగతావారిని గవర్నరు నామినేట్ చేసేవారు.

తెలంగాణలో ఈ ఎన్నికలు జరిగాయా?

లేదు, అది నిజాం రాజ్యం. అయితే ఇప్పటి తెలంగాణలోని కొన్ని ముక్కలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీవి: ముఖ్యంగా కృష్ణా జిల్లాలో ఉన్న మునగాల పరగణా, తూర్పు గోదావరిలో ఉన్న భద్రాచలం తాలూకా. ఇక 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు గంజాం జిల్లాలో ఎక్కువ భాగం అటు వెళ్ళింది. కాబట్టి బరంపురం వైపు తెలుగువాళ్ళు 1937లో ఒరిస్సా ఓటర్లు.

## ప్రచారం, పోలింగు

చదువురానివాళ్ళు ఓటు ఎలా వేశారు? అప్పుడు గుర్తులు ఉండేవా?

రంగుల పెట్టెలు ఉండేవి. పార్టీకో ఓటు పెట్టె, పెట్టెకో రంగు. కాంగ్రెస్‌కు పసుపు పెట్టె, ముస్లిం లీగ్‌కు ఆకుపచ్చ పెట్టె. ఓటరు తనకిచ్చిన కాగితాన్ని మరుగున ఉన్న పెట్టెల్లో ఇష్టమైన దాంట్లో వేసి రావాలి.

కాంగ్రెస్‌కు ఇది బాగా కలిసొచ్చింది. అభ్యర్థి పేరు, ఊరు, కులం ఏదైనా సరే, "గాంధీగారికి ఓటు, పసుపు పెట్టెలో వేయండి" అంటే చాలు. పసుపు మన ఇళ్ళలో శుభానికి గుర్తు కావడం ఇంకో అనుకూలం. స్థానిక పెద్దమనిషి మొహం చూసి వేసే ఓటు పార్టీని చూసి వేసే ఓటుగా మారడంలో ఈ పెట్టెల పాత్ర పెద్దదని మా అభిప్రాయం. జస్టిస్ పార్టీ నమ్ముకున్నది మొదటి రకం ఓటును.

గాంధీ వచ్చి ప్రచారం చేశారా?

లేదు, ప్రచారానికి ఆయన దూరంగా ఉన్నారు. కాంగ్రెస్ అధ్యక్షుడిగా నెహ్రూ 1936 అక్టోబరులో మద్రాసు ప్రెసిడెన్సీ అంతా తిరిగారు. తమిళ జిల్లాల్లో రాజాజీ, సత్యమూర్తి, తెలుగు జిల్లాల్లో ప్రకాశం వంటివారు బరువు మోశారు.

తెలుగు జిల్లాల్లో అసలు చర్చ దేని మీద జరిగింది?

భూమి మీద. రైతు నేరుగా ప్రభుత్వానికి శిస్తు కట్టే రైత్వారీ ప్రాంతాల్లో శిస్తు తగ్గింపు, అప్పుల బాధ. జమీందారీ ప్రాంతాల్లో జమీందారు వసూలు చేసే శిస్తు, అడవుల మీద హక్కు, చెరువుల మరమ్మతు. వెంకటగిరి జమీందారీలో 1930ల మొదట్లోనే రైతులు రోడ్డెక్కారు. ఎన్.జి. రంగా వంటివారు పెంచిన రైతు సంఘాలు కాంగ్రెస్‌కు ఊళ్ళలో కాళ్ళూ చేతులూ అయ్యాయి. ఆ సంఘాలు ఊరికే పనిచేయలేదు. గెలిస్తే జమీందారీ సమస్య తేలుస్తారన్న మాట మీద పనిచేశాయి.

బొబ్బిలి రాజాను సొంత ఊళ్ళోనే ఓడించింది ఎవరు?

వి.వి. గిరి. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల నాయకుడిగా అప్పటికే పేరున్న ఆయన బొబ్బిలిలో పోటీ చేసి రాజాను ఓడించారు. పదవిలో ఉన్న ప్రభుత్వాధినేత, సొంత జమీందారీ గడ్డ మీద, తన పొలాలు దున్నే రైతుల ఓట్లతో ఓడిపోయాడు. అందుకే ఈ ఎన్నికలంటే మొదట గుర్తొచ్చేది ఈ ఫలితం.

## ఫలితాలు

ఎవరికి ఎన్ని వచ్చాయి?

215 స్థానాల శాసనసభలో కాంగ్రెస్‌కు 159, అంటే దాదాపు 74 శాతం. జస్టిస్ పార్టీ ఇరవై దరిదాపుల్లో ఆగిపోయింది. మిగతావి ముస్లిం లీగ్, స్వతంత్రులు, ప్రత్యేక నియోజకవర్గాల సభ్యులవి. శాసనమండలిలో ఎన్నికైన 46 స్థానాల్లోనూ సగానికి పైగా కాంగ్రెస్‌వే.

దేశంలో మిగతా చోట్ల కూడా ఇంతేనా?

11 రాష్ట్రాల్లో ఎన్నికలు జరిగితే మద్రాసు, బీహారు, సంయుక్త రాష్ట్రాలు, మధ్య పరగణాలు, ఒరిస్సాల్లో కాంగ్రెస్‌కు స్పష్టమైన మెజారిటీ వచ్చింది. బొంబాయిలో దాదాపు సగం. పంజాబు, బెంగాల్, సింధుల్లో రాలేదు.

## ఓట్లకూ పదవికీ మధ్య

ఫిబ్రవరిలో గెలిచిన కాంగ్రెస్ జులై దాకా ఎందుకు ఆగింది?

గవర్నరు ప్రత్యేకాధికారాల వల్ల. మంత్రుల రాజ్యాంగబద్ధమైన పనుల్లో వాటిని వాడబోమని గవర్నర్లు హామీ ఇస్తేనే పదవులు తీసుకుంటామని మార్చిలో కాంగ్రెస్ తీర్మానించింది. మద్రాసు గవర్నరు ఎర్స్కిన్ ఆహ్వానించినప్పుడు రాజాజీ ఇదే అడిగారు. చట్టంలో ఉన్న బాధ్యతను వదులుకునే హామీ ఇవ్వలేనని గవర్నరు చెప్పారు. అక్కడే ఆగింది.

1937 జూన్‌లో వైస్రాయి లిన్‌లిత్‌గో ఒక ప్రకటన చేశారు. రోజువారీ పాలనలో గవర్నర్లు జోక్యం చేసుకోరని, మంత్రులతో తగువు పెట్టుకోవాలన్న ఉద్దేశం లేదని దాని సారాంశం. అడిగిన హామీ అక్షరాలా అది కాదు. అయినా జులై మొదటి వారంలో వార్ధాలో కాంగ్రెస్ కార్యవర్గం పదవులకు ఒప్పుకుంది. జులై 14న రాజాజీ మంత్రివర్గం వచ్చింది.

ఆ మధ్య నెలల్లో రాష్ట్రాన్ని ఎవరు పాలించారు?

కూర్మా వెంకటరెడ్డినాయుడు నాయకత్వంలో తాత్కాలిక మంత్రివర్గం, 1937 ఏప్రిల్ 1 నుంచి జులై 14 వరకు. గవర్నరు ముందు వి.ఎస్. శ్రీనివాసశాస్త్రిని అడిగారు, ఆయన ఒప్పుకోలేదు. వెంకటరెడ్డినాయుడు జస్టిస్ పార్టీ పెద్ద, 1936లో కొన్ని నెలలు తాత్కాలిక గవర్నరుగానూ పనిచేశారు. ఆయన మంత్రివర్గానికి సభలో మెజారిటీ లేదు కాబట్టి సభను ఎదుర్కోకుండానే కాలం గడిపింది. బొబ్బిలి రాజా తర్వాత నేరుగా రాజాజీ అని రాస్తే తప్పు. జాబితాలో వెంకటరెడ్డినాయుడు పేరు ఉండాలి.

రాజాజీ ఎక్కడి నుంచి గెలిచారు?

మద్రాసు విశ్వవిద్యాలయ నియోజకవర్గం నుంచి. సత్యమూర్తి ఆ స్థానం మీద ఆశ వదులుకుని ఆయనకు దారి ఇచ్చారు. మంత్రివర్గంలో మాత్రం సత్యమూర్తికి చోటు దక్కలేదు.

మంత్రివర్గంలో తెలుగువాళ్ళు ఎవరు?

పదిమందిలో ముగ్గురు. టంగుటూరి ప్రకాశం (రెవెన్యూ), వి.వి. గిరి (కార్మిక, పరిశ్రమలు), బెజవాడ గోపాలరెడ్డి (స్థానిక పాలన). గోపాలరెడ్డికి అప్పటికి ముప్పై నిండలేదు. సభాపతి బులుసు సాంబమూర్తి, ఉపసభాపతి రుక్మిణీ లక్ష్మీపతి. ముఖ్యమంత్రి అన్న హోదా అప్పుడు లేదు. ప్రభుత్వాధినేతను ప్రీమియర్ అనేవారు.

## అధికారంలో

ఇచ్చిన మాటల్లో ఏవి నిలబెట్టుకున్నారు?

*జీతాలు.* మంత్రుల జీతం నెలకు 500 రూపాయలకు తగ్గింది. 1931 కరాచీ కాంగ్రెస్ పెట్టుకున్న పరిమితి అదే.

*అప్పులు.* 1938 రైతు రుణ విముక్తి చట్టం ఈ మంత్రివర్గం తెచ్చిన వాటిలో సూటిగా పనిచేసిన చట్టం. 1932 అక్టోబరు 1కి ముందు తీసుకున్న అప్పు మీద, 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీ మొత్తం రద్దు. అసలుకు రెట్టింపు ఇప్పటికే కట్టి ఉంటే అప్పే తీరినట్టు. 1932 తర్వాతి అప్పులకు వడ్డీని నూటికి ఏడాదికి 5 చొప్పున సాధారణ వడ్డీగా తిరగలెక్క కట్టాలి. అయితే ఇది భూమి మీద హక్కున్న రైతుకు దక్కిన మేలు. భూమిలేని కూలీకి ఇందులో దక్కింది తక్కువ.

*మద్యనిషేధం.* 1937 అక్టోబరు 1న సేలం జిల్లాలో మొదలై, 1938లో చిత్తూరు, కడపలకు, 1939లో ఉత్తర ఆర్కాటుకు పాకింది. ఎక్సైజు రాబడి పడిపోయింది. ఆ లోటు పూడ్చడానికి 1939లో సాధారణ అమ్మకపు పన్ను తెచ్చారు. దేశంలో ఆ తరహా పన్ను అదే మొదటిది.

*ఆలయ ప్రవేశం.* 1939 జులైలో మధుర మీనాక్షి ఆలయంలోకి దళితులు, నాడార్లు ప్రవేశించారు. ఆ తర్వాత దానికి చట్టరక్షణ ఇచ్చారు.

జమీందారీ రైతుల సంగతి ఏమైంది?

ప్రకాశం అధ్యక్షతన విచారణ సంఘం వేశారు. అది జిల్లాలు తిరిగి, సాక్ష్యాలు తీసుకుని 1938లో నివేదిక ఇచ్చింది. భూమి రైతుది, జమీందారు శిస్తు వసూలు చేసేవాడు మాత్రమే, శిస్తు 1802 శాశ్వత పరిష్కారం నాటి రేట్లకు దిగాలి అన్నది దాని సారం. 1939 మొదట్లో శాసనసభ ఆ సిఫార్సులను ఆమోదిస్తూ తీర్మానం చేసింది. చట్టం మాత్రం రాలేదు. బిల్లు కాకముందే మంత్రివర్గం రాజీనామా చేసింది.

పసుపు పెట్టె నింపిన జమీందారీ రైతుకు తాను అడిగింది దక్కలేదు. ఈ మాట మొహమాటం లేకుండా చెప్పాలి. జమీందారీల రద్దు చట్టం 1948లో గానీ రాలేదు. 

హిందీ గొడవ ఈ ప్రభుత్వంలోదేనా?

అవును. 1938లో 125 ఉన్నత పాఠశాలల్లో హిందీని తప్పనిసరి చేశారు. తమిళ జిల్లాల్లో పెద్ద ఆందోళన లేచింది. ఆత్మగౌరవ ఉద్యమ నాయకుడు పెరియార్ జైలుకు వెళ్ళారు, 1938 చివర జస్టిస్ పార్టీ ఆయన్ను అధ్యక్షుడిగా ఎన్నుకుంది. 1940 ఫిబ్రవరిలో, కాంగ్రెస్ దిగిపోయాక, గవర్నరు ఆ ఉత్తర్వును ఎత్తేశారు.

ఆంధ్ర రాష్ట్రం డిమాండుకు ఈ గెలుపు ఏమైనా ఉపయోగపడిందా?

కొంత. అధికారం దగ్గరపడేసరికి కోస్తా, రాయలసీమ నాయకులకు తమ మధ్య లెక్కలు తేల్చుకోవలసి వచ్చింది. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ఇల్లు శ్రీబాగ్‌లో ఒప్పందం కుదిరింది. 1938లో శాసనసభ భాషా రాష్ట్రాలను కోరుతూ తీర్మానించింది. బ్రిటిష్ ప్రభుత్వం ఒప్పుకోలేదు.

ప్రభుత్వం ఎందుకు పడిపోయింది?

సభలో ఓడిపోలేదు. భారతీయులను అడగకుండా భారతదేశాన్ని రెండో ప్రపంచ యుద్ధంలోకి దించినందుకు నిరసనగా 1939 అక్టోబరు చివర రాజీనామా చేసింది. 1935 చట్టంలోని 93వ సెక్షన్ కింద గవర్నరు పాలన వచ్చింది. తర్వాతి ఎన్నికలు 1946లో, అప్పుడు ప్రకాశం ప్రీమియర్ అయ్యారు.

## ఊరి చరిత్ర వెతికేవాళ్ళకు

మా తాలూకాలో ఎవరు పోటీ చేశారో ఎలా తెలుసుకోవాలి?

ముందు నియోజకవర్గం పేరు పట్టుకోండి. అప్పటి జిల్లాలు ఇప్పటివి కావు. ఒంగోలు గుంటూరు జిల్లాలో, శ్రీకాకుళం విశాఖపట్నం జిల్లాలో ఉండేవి. తర్వాత ఇంగ్లీషు కాగితాల్లో వాడిన పేర్లతో వెతకాలి: విజగపటం (విశాఖపట్నం), చికాకోల్ (శ్రీకాకుళం), కొకనాడ (కాకినాడ), ఎల్లూర్ (ఏలూరు), మసూలిపటం (మచిలీపట్నం). ఇప్పటి పేర్లతో వెతికి ఏమీ దొరకలేదనుకునేవాళ్ళే ఎక్కువ.

ఆపైన చూడవలసినవి ఫోర్ట్ సెయింట్ జార్జ్ గెజెట్ 1937 సంచికలు, శాసనసభ చర్చల సంపుటాలు, ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రికల 1936 అక్టోబరు నుంచి 1937 మార్చి దాకా సంచికలు. గెజెట్లు చెన్నై ఎగ్మూరులోని రాష్ట్ర పురాభిలేఖాగారంలో చూడవచ్చు.

మా తాతగారికి ఓటు ఉండేదో లేదో తేల్చుకోగలమా?

ఓటర్ల జాబితా దొరక్కపోయినా అంచనా వేయొచ్చు. 1935–36 నాటి పట్టా, శిస్తు రసీదు లేదా పంచాయతీ, మునిసిపాలిటీ పన్ను రసీదు ఇంట్లో ఉంటే ఉండే అవకాశం ఎక్కువ. పట్టా ఆయన తండ్రి పేరునో అన్న పేరునో ఉంటే ఆ అర్హత వాళ్ళదే, ఆయనది కాదు. అప్పుడు ఆయన అప్పటికి 21 ఏళ్ళు నిండి చదువుకున్నవారా అన్నది చూడాలి. బడి సర్టిఫికెట్ ఉంటే అది గట్టి ఆధారం.